వీధి మొత్తానికీ ఒక సిలిండర్

ఆ రెండో శనివారం ఉదయం స్వర్ణలత వేసుకున్న పథకం చాలా చిన్నది. గ్యాసు బండి లూకా వచ్చి ఇంట్లోని రెండు సిలిండర్లూ వాపసు పట్టుకుపోతాడు. మధ్యాహ్నం బాపట్ల నుంచి ఆమె పీహెచ్‌డీ గైడు శ్రీరామచంద్రమూర్తిగారు భోజనానికి వస్తారు. అత్తగారు దానమ్మ కరెంటు పొయ్యి మీద ములక్కాడల పులుసు చేసి పెడతారు.

జనం అలవాటైన వస్తువును వదిలి కొత్తదానికి ఎలా మారతారో కంప్యూటరులో లెక్కకట్టడం స్వర్ణలత పరిశోధన. వీధిలో గౌరవమున్న ఒక ఇల్లు గ్యాసు మానేస్తే, అది చూసి మిగతా ఇళ్ళూ వరసగా మానేస్తాయని ఆమె లెక్క. తెనాలిలో నందివెలుగు రోడ్డు పక్కనున్న ఆ వీధిలో రిటైర్డ్ టీచరు దానమ్మగారిని మించిన గౌరవం ఎవరికీ లేదు. ఆవిడ మూడు నెలలుగా కరెంటు పొయ్యి మీదే వండుతున్నారు. వీధి మాత్రం చలించలేదు.

"కాగితం మీద బాగానే ఉందమ్మా. ఒక్క ఇల్లయినా మారినట్టు చూపిస్తే సంతకం పెడతాను. ఈ నెల దాటితే నీ గడువు అయిపోయినట్టే," అన్నారు గైడుగారు కిందటి వారం. ఆ మాట విన్నప్పటి నుంచి స్వర్ణలతకు నిద్ర లేదు.

"మనమే సిలిండర్లు వదల్లేదు కదా అత్తయ్యా, ఇంకొకళ్ళెందుకు నమ్ముతారు? అందుకే పంపించేద్దాం. కానీ పొయ్యి సంగతి మీరు ఎవరికీ చెప్పొద్దు. వాళ్ళే చూసి మారాలి. మనం చెప్తే లెక్క చెడిపోతుంది."

"పాఠం చెప్పకుండా ఎట్టా వస్తుందే ఎవరికైనా?" అన్నారు దానమ్మగారు. అయినా కోడలి చదువు కోసం నోరు కట్టేసుకున్నారు.

వరండాలో సిలిండర్లు కనిపించగానే ఎదురింటి అమ్మాజీ గేటు దగ్గరికి వచ్చింది.

"ఏంటి పిన్నిగారూ, రెండూ బయట పెట్టారు?"

"పంపించేస్తున్నామమ్మా."

"అదేంటండి?"

దానమ్మగారు కిటికీలోని కోడలి వంక చూశారు. కోడలు వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"ఇంక వాటితో పని లేదమ్మా," అన్నారావిడ, అబద్ధం ఆడకుండా.

అమ్మాజీ ముఖం వాడిపోయింది. ఆవిడకు తెలిసినంతలో గ్యాసు వాపసు ఇచ్చేవాళ్ళు ఊరు వదిలి వెళ్ళేవాళ్ళే. లూకా సిలిండర్లు తీసుకెళ్ళేసరికి వీధి మొత్తానికీ వార్త చేరిపోయింది. వంటిల్లు సర్దేసుకున్నవాళ్ళు ఏం తింటారని ఒకావిడ పప్పు తెచ్చింది. ఇంకొకావిడ గుత్తివంకాయ తెచ్చి, దానమ్మగారిని పట్టుకుని బావురుమంది. ఎందుకేడుస్తోందో అర్థంకాక ఆవిడ కూడా కళ్ళు తుడుచుకున్నారు.

అంతలో కరెంటు పోయింది. పులుసు సగంలో ఆగింది.

వీధి మలుపులో ఒక చిన్న ట్రక్కు హారన్ కొట్టింది. దానమ్మగారి తమ్ముడు ముత్తయ్య రేపల్లె నుంచి వచ్చాడు. అమ్మాజీ ఫోను చేసిందట.

"ఇల్లు ఖాళీ చేస్తా నాకొక్క మాటైనా చెప్పవా అక్కా? మంచాలు ముందెక్కిద్దాం పదండి!"

ఆ ట్రక్కు వెనకే గైడుగారి ఆటో ఆగింది. ఆయన ట్రక్కును చూశారు, కళ్ళొత్తుకుంటున్న ఆడవాళ్ళను చూశారు. "ఎవరైనా... పోయారా అమ్మా?" అని మెల్లగా అడిగారు.

"నా థీసిస్ పోయిందండీ!" అని స్వర్ణలత ఏడ్చేసింది. లెక్కతో సహా అంతా అందరి ముందూ చెప్పేసింది.

అమ్మాజీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయితే మీరు ఎక్కడికీ పోవట్లేదా పిన్నిగారూ! బతికించారు." దానమ్మగారి చెయ్యి పట్టుకుని ఊపేసింది. తర్వాత ఠక్కున ఆగింది. "అది సరే, మా గ్యాసు అయిపోతే ఇప్పుడెవర్ని అడగాలండి?"

ఎవరి గ్యాసు అయిపోయినా దానమ్మగారి రెండో సిలిండర్ బదులు తెచ్చుకోవడమే అక్కడి రివాజు. అది ఉందన్న ధీమాతో ఎవరూ ముందుగా బుక్ చేసుకునేవాళ్ళు కాదు.

"ఆ కరెంటు పొయ్యేదో మాకు కూడా ఒకటి ఉండాలి," అంది అమ్మాజీ. "నాకూ, నాకూ," అన్నారు మిగతావాళ్ళు. మంచాల కోసం వచ్చిన ట్రక్కు పొయ్యిల కోసం బజారుకు వెళ్ళింది. ముత్తయ్య తనకూ ఒకటి కొనుక్కున్నాడు.

వీధివాళ్ళు తెచ్చిన పప్పూ గుత్తివంకాయతో గైడుగారు తృప్తిగా భోంచేశారు. "ఇది చూసి మారడం కాదు కదమ్మా?" అన్నారు.

"కాదండి. గ్యాసు అడగడానికి మనిషి లేక మారారు."

"అదే రాయి. అసలు సంగతి అదే," అని సంతకం పెట్టేశారు. స్వర్ణలతకు మూడేళ్ళ బరువు దిగినట్టయింది. దానమ్మగారు ఆమె తల నిమిరారు.

మిగతా ఇళ్ళవాళ్ళు కరెంటు పొయ్యిలు కొన్నారు గాని, గ్యాసు వదల్లేదు. మర్నాడు మళ్ళీ కరెంటు పోయినప్పుడు, ఉడకని పులుసు గిన్నె పట్టుకుని ఎదురింటి గుమ్మం ఎక్కింది దానమ్మగారొక్కరే.