ఆషాఢంలో బట్లరు

మీరు నవ్వనంటే చెప్తాను. నవ్వినా చెప్తాననుకోండి. ధర్మవరం బజారులో సగం మంది ఇప్పటికే నవ్వేశారు. మిగిలిన సగానికి తప్పుడు కథ చేరేలోపు అసలుది నా నోటనే వినడం మేలు.

నాది పట్టుచీరల అంగడి. పేరు సాయిప్రసాద్ గానీ బజారులో అందరూ ‘మడత సాయి’ అంటారు. చీర విప్పడం, మళ్ళీ మడత పెట్టడం తప్ప నాకింకేమీ రాదని వాళ్ళ భావం. నేను ఒకచోట పది నిమిషాలు కూచుంటే ఆ రోజు వాన పడుతుందని మా ఆవిడ హేమావతి అంటుంది. మా వైపు వానలెందుకు పడవో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

ఆషాఢంలో అంగట్లో ఈగలు తోలుకుంటూ ఉంటే హిందూపురం నుంచి ‘కొండల’ అనిల్ కుమార్ ఫోన్ చేశాడు. మొన్నటిదాకా బస్సుల్లో జనాన్ని తిరుమలకూ శబరిమలకూ తీసుకుపోయినవాడు. ఇప్పుడు కొండలు దిగి సముద్రం పట్టుకున్నాడు. చెన్నైలో ఓడ ఎక్కితే అయిదు రోజులు నీళ్ళ మీద తిప్పి తీసుకొస్తారంట. ట్యాంకరు వచ్చినప్పుడు తప్ప నీళ్ళను దర్శించుకోని మాకు అయిదు రోజులు నీళ్ళ మీదే ఉండడమంటే మాటలా? హేమ వెంటనే పోదామంది. పెళ్ళయిన నాటి నుంచి మేం తిరిగిన ఊళ్ళన్నీ చీరల బేరానికో, ఎవరి పెళ్ళికో పోయినవే. నేనూ సరేనన్నాను.

హిందూపురం పోయి అనిల్ కుమార్ ఎదురుగా కూచున్నాం. నేను రెండుసార్లు లేచి ఫ్యాను స్పీడు మార్చాను.

“రెండు రకాలుండాయన్నా,” అన్నాడు అతను. “ఒకటి లోపలి రూము. దానికి కిటికీ ఉండదు.”

“కిటికీ ఏంటికప్పా? పైకి పోతే సముద్రం కనపడదా?”

“రెండోది సూట్. హాలు, బెడ్రూము, బాల్కనీ. మీకోసమే ఒక బట్లరు గూడా ఉంటాడు.”

“వాడేం చేస్తాడు?”

“మీరు పోతానే పెట్టెలు తెరిచి, మీ బట్టలన్నీ మడత పెట్టి బీరువాలో సర్దుతాడు.”

బట్టలు మడత పెట్టడానికి నేను ఇంకొకడికి దుడ్లు ఇవ్వాలా? చేపకు ఈత నేర్పడానికి మాస్టారును పెట్టినట్టుంది. ఆ మాటే అనబోతుంటే అనిల్ కుమార్ ఫోనులో వీడియో పెట్టి హేమ చేతికిచ్చాడు. నల్లకోటు, తెల్ల గ్లౌజులు వేసుకున్న మనిషి పళ్ళెం మీది వెండి మూత తీశాడు. ఆవిరి లేచింది. కుర్చీలో కూచున్న ఆడమనిషి తింటూ ఉంది. అతను నీళ్ళు పోశాడు, ఇంకేదో వడ్డించాడు, పక్కకు జరిగి నిలబడ్డాడు. హేమ చివరిదాకా చూసి మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది.

“అంతగా ఏముండాది అందులో?” అన్నాను.

“ఆమె ఒక్కసారన్నా లేచిందా, చూసినారా మీరు?” అంది హేమ.

నా గుండెలో రాయి పడింది. మా ఆవిడ మా అంగట్లో ఏ చీరనైనా రెండోసారి చూసిందంటే ఆ చీర ఇక అమ్మకానికి లేనట్టే. సూట్‌కు అయ్యేది లోపలి రూముకు మూడింతలు. ఆలోచించి చెప్తామని అనిల్ కుమార్‌కు దండం పెట్టి రైలెక్కాను.

రైల్లో హేమ ప్రశాంతంగా కిటికీ దగ్గర కూచుంది. నేను ఈ తలుపు నుంచి ఆ తలుపుకు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బండి పెనుకొండలో ఆగగానే నరసింహులు గుర్తొచ్చాడు.

“హేమా, నాకీడ పనుండాది, నువ్వు పో,” అని దిగేశాను.

నరసింహులు పెళ్ళివంటల కాంట్రాక్టరు. రిసెప్షన్లలో నల్లకోటు వేసుకుని బఫే దగ్గర మంత్రిలా నిలబడతాడు. ఆషాఢంలో ముహూర్తాలు లేక ఇంట్లో కూచుని కోటుకు గుండీలు కుట్టుకుంటున్నాడు.

“ఒక వారం మా ఇంట్లో బట్లరుగా ఉండాలప్పా,” అన్నాను.

“బట్లరంటే ఏం చేయాలన్నా?”

“మీ వదినకు సేవ చేయాల. ఊపిరి సలపనీకూడదు. కూచుంటే దిండు, లేస్తే చెప్పులు, తుమ్మితే చేతిగుడ్డ. నాలుగో దినానికి ఈ బట్లరు నాకొద్దు సామీ అని ఆమే దండం పెట్టాల.”

“విసుగు తెప్పించేకి సేవేంటికన్నా? చెడగొడితే పోలా?”

“చెడగొడితే ఓడలో ఇంతకంటే మంచోడు ఉంటాడనుకుంటాది. బాగానే చేయి. కాకపోతే మితిమీరి చేయి.”

ఇంటికొచ్చి హేమతో చెప్పాను. “కొనేముందు చీరను భుజం మీద ఏసుకోని చూడమని మనమే చెప్తాం కదా. బట్లర్ని గూడా ఒకసారి ఏసుకోని చూడు. నచ్చితే సూట్. నచ్చకపోతే లోపలి రూము.”

“ఇంత మంచి ఆలోచన మీకెట్ల వచ్చిందండీ?” అంది.

నేను పొంగిపోయాను. పొంగిన పాలు పొయ్యిపాలన్న సంగతి అప్పుడు తోచలేదు.

సోమవారం తెల్లవారకముందే ఇంట్లో నీళ్ళ చప్పుడు. చూస్తే హేమ ఇల్లంతా కడుగుతోంది.

“బట్లరు వస్తాండాడు కదా, ఈ పనంతా వానికి పెట్టకుండా నీకేంటికి?”

“ఇల్లు ఇట్ల పెట్టుకున్నారే అని ఆయప్ప అనుకోడా?”

నరసింహులు కోటు, గ్లౌజులతో దిగాడు. కోటులో నుంచి కర్పూరం వాసన, దాని వెనకాలే పోయిన వైశాఖంలో వడ్డించిన సాంబారు వాసన. నడుం వంచి, “మేడమ్, కాఫీ తీసుకురానా?” అన్నాడు.

“నువ్వు పెనుకొండ నుంచి వచ్చినావు, కూచోప్పా. నేను పెడతా,” అంది హేమ.

కాఫీ అయ్యాక బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. మధ్యాహ్నానికి వచ్చిన మనిషికి ఉత్త అన్నమేం పెడతామని పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. ఇతను లేవబోతే విస్తరి ముందు నుంచి లేవకూడదని కూచోబెట్టి, మరో రెండు వేసి నెయ్యి పోసింది. ఆమె మాత్రం పొయ్యి దగ్గరే నిలబడి, ఓళిగ ముక్క నోట్లో వేసుకుంటూ అట్లకాడ తిప్పుతోంది. నేను గుమ్మంలో నిలబడి లోలోపల చప్పట్లు కొట్టుకున్నాను. బట్లరుకే వడ్డించే మనిషికి బట్లరెందుకు? పథకం పారినట్టే అనుకుని, ఆ మధ్యాహ్నం నిశ్చింతగా అంగడికి పోయాను. నేను పోయిన తర్వాత ఇంట్లో ఏం జరిగిందో అప్పటికి నాకు తెలియదు.

మరుసటి రోజు నుంచి నా బతుకు మారిపోయింది. స్నానానికి పోతే నరసింహులు తలుపు బయట నిలబడ్డాడు. “సార్, సబ్బు అయిందా? వీపు అందుతాందా?” దొరల ఇళ్ళలో పేపరును ఇస్త్రీ చేసి ఇస్తారని ఫోన్లో చూశాడంట. నాకూ అట్లాగే చేసిచ్చాడు. రాశిఫలాల దగ్గర పెద్ద చిల్లు పడింది. సరిగ్గా నా రాశే కాలిపోయింది.

“నీకు చెప్పింది ఎవురికి సేవ చేయమని?” అన్నాను గొంతు తగ్గించి.

“అన్నకే ఎక్కువ అవసరమని వదిన చెప్పిందన్నా. బట్లరన్నంక మేడమ్ మాట దాటేకి లేదు.”

తప్పించుకుని అంగడికి బయలుదేరాను. వెనకాలే వచ్చాడు. ఒక చేత్తో గొడుగు నా నెత్తిన పట్టాడు, ఇంకో చేత్తో క్యారియరు, భుజాన తువ్వాలు. నేను నడక పెంచితే అతనూ పెంచాడు. దాదాపు పరిగెత్తాను, గొడుగు కూడా పరిగెత్తింది. బజారంతా అంగళ్ళలోంచి బయటికొచ్చి చూసింది.

సాయంత్రానికి ఊళ్ళో వార్త తయారైంది. మడత సాయికి ఒంట్లో బాగాలేదంట, మనిషిని పెట్టుకున్నారంట. ఇంటికొచ్చేసరికి హాలులో చీనీకాయల సంచులు. పొరుగింటి జయలక్ష్మమ్మ రసం తీసి పంపింది. తాడిమర్రి నుంచి మా చిన్నాయన బస్సెక్కి వచ్చేశాడు. నా పక్కన కూచుని చెయ్యి పట్టుకున్నాడు.

“నాకేం కాలేదు చిన్నాయనా,” అన్నాను.

“మీ నాయనా అట్లనే అంటాండె,” అని కళ్ళు తుడుచుకున్నాడు.

నరసింహులు ఆయన చేతికి చేతిగుడ్డ అందించాడు. ఆ వారంలో అతను సమయానికి చేసిన సేవ అదొక్కటే.

రాత్రి అన్నాల వేళ హేమను కదిలించాను. “ఏం, బట్లరు విసుగొచ్చినాడా? లోపలి రూమే చెప్పేదా?”

“ఇంట్లో సరిగ్గా తెలీలేదండీ. నా వంటిల్లు నన్ను కూచోనీదు. రేపు అంగట్లో చూస్తా.”

అన్న మాట ప్రకారం బుధవారం పొద్దున వచ్చింది. వెనక నరసింహులు ఆమె సంచి పట్టుకున్నాడు. వచ్చి, తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద గోడకు ఆనుకుని కూచుంది. ఇంట్లో పీట అంచున కూచునే మనిషి అట్లా కాళ్ళు ముడుచుకుని నెమ్మదిగా కూచోడం నేనెన్నడూ చూడలేదు. చూడగానే నా నోట్లోంచి మాట జారిపోయింది.

“రాండమ్మా, కూచోండి. ఏం చూపించమంటారు?”

పెళ్ళామని తెలియక కాదు. ఆ పరుపు మీద ఆడమనిషి కూచుంటే నా చేతులు నా మాట వినవు. హేమ నవ్వలేదు.

“ఆ కుంకుమరంగుది చూపించండి,” అంది. విప్పాను. “ఇదే అంచు నెమలికంఠం రంగులో ఉండాదా?” అంది. అదీ విప్పాను. పరుపు నిండింది. మధ్యలో కాఫీ తెప్పించాను, ఆమెకు చక్కెర తక్కువని చెప్పి మరీ తెప్పించాను. నరసింహులు ఆమె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పని చేస్తున్నది నేను.

దూరం నుంచి పెళ్ళిచీరలకు వచ్చినవాళ్ళకు అంగడి లోపలి గదిలో భోజనం పెట్టడం మా ఆనవాయితీ. ఎండ నెత్తికెక్కేసరికి నరసింహులు ఆ గదిలో విస్తరి వేశాడు. మధ్యలో ఇంటికి పోయి వంట తనే చేసి వేడిగా తెచ్చాడు. పొగలు కక్కే అన్నం, పప్పు, చెనక్కాయలు నూరిన ఊరిబిండి. అలవాటు కొద్దీ నెయ్యిగిన్నె నా చేతిలోకి వచ్చింది.

“ఇంకొంచెం వేసేదా?”

“ఊఁ,” అంది.

వేశాను. అన్నం తెచ్చాను. పప్పు తెచ్చాను. ఆమె ముద్ద ముద్దకూ ఆగి, రుచి చూసుకుంటూ తింది. మా ఆవిడ ఇంత నిదానంగా తింటుందని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియదు. తెలిసే అవకాశం ఎక్కడిది? నేను తినేటప్పుడు ఆమె నిలబడే ఉంటుంది, ఆమె తినేటప్పుడు నేను ఇంట్లో ఉండను. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఆమె ఇంకో ముద్ద తినాలనిపించింది.

చెయ్యి కడుక్కోవడానికి చెంబు కూడా నేనే అందించాను. ఆ ఊపులోనే ఫోన్ తీశాను.

“అనిల్ కుమార్, ఆ సూటే రాసెయ్యప్పా.”

“వదిన సోమవారమే రాయించింది కదన్నా,” అన్నాడు.

హేమ వైపు చూశాను. ఆమె నరసింహులు వైపు చూసింది. నరసింహులు నేల వైపు చూశాడు.

“ఓళిగలు తిన్నానన్నా,” అన్నాడు అతను. “మీరు అంగడికి పోతానే వదిన ఇంకింత నెయ్యి పోసి, నిజం చెప్పప్పా ఈ వేషమేంటికని అడిగింది. ఆ ఇంటి ఉప్పు తిని అబద్ధం చెప్పలేకపోయినా.”

“ఆ ఉప్పు కొన్నది నేను కదరా.”

“కొన్నది మీరే. వేసింది వదిన.”

ఇక దాచడానికేముంది. “సరేలే, పోయేది ఎప్పుడు?” అన్నాను హేమతో.

“శ్రావణం మొదటి వారం.”

“శ్రావణమా? పెళ్ళిళ్ళ కాలం, చీరల కాలం. అంగడి వదిలేసి నేనెట్ల వస్తా?”

“మీరు వదలొద్దండీ,” అంది హేమ మెత్తగా. “నాతో హిందూపురం నుంచి మీ అక్క యశోదమ్మ వస్తాండాది. ఆ వదిన గూడా ఎన్నడూ కూచొని వేడన్నం తినింది లేదు.”

“మరి నేను?”

“మిమ్మల్ని అయిదు దినాలు కూచోబెట్టేకి ఆ ఓడకు చేతగాదు. వాళ్ళ దుప్పట్లన్నీ విప్పి, ఎక్కినోళ్ళకే బేరం పెడతారు మీరు.”

కాదనడానికి నోరు తెరిచాను. తీరా చూస్తే, మాట్లాడుతూనే పరుపు మీది చీరలు సగానికి పైగా మడత పెట్టేసి ఉన్నాను.

శ్రావణంలో వాళ్ళిద్దరూ వెళ్ళారు. ముహూర్తాలు మొదలయ్యాయి కాబట్టి నరసింహులు కూడా పెనుకొండకు వెళ్ళిపోయాడు. అంగడి కిటకిటలాడింది. మూడో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం వండి, పప్పు పొయ్యి మీద పెట్టాను. చింతపండు ఎక్కడుందో దొరకలేదు. వంటింట్లో డబ్బాలన్నీ తెరిచాను, మంచం కింద కూడా చూశాను. పప్పు అడుగంటుతోంది. అనిల్ కుమార్ ఇచ్చిన నంబరుతో ఓడలో వాళ్ళ సూట్‌కు ఫోన్ కలిపాను.

మగగొంతు పలికింది. బట్లరంట. ఊరు మంగళూరంట, కన్నడలో మాట్లాడాడు; సరిహద్దు వాళ్ళం కాబట్టి నాకది అర్థమవుతుంది. మేడమ్ భోజనం చేస్తున్నారు సార్, పిలవమంటారా అని మర్యాదగా అడిగాడు.

వెనకాల మా అక్క నవ్వు, గిన్నెల చప్పుడు, ఇంకొంచెం వెయ్యప్పా అంటున్న హేమ గొంతు వినిపించాయి. పొయ్యి మీద పప్పు మాడు వాసన వచ్చింది.

“వద్దప్పా,” అన్నాను. “ఆమెను లేపొద్దు.”