రత్నరాజు గారి కుక్కరు వ్యవహారం

లోకంలో దానం పుట్టిన మర్నాడే దావా పుట్టింది. పూర్వం ఇంగ్లండులో భూస్వాములు తమ ఆత్మల కోసం నిత్యం ప్రార్థించమని చర్చికి పొలాలు రాసిచ్చేవారు. ప్రార్థన ఆగిందని తెలియగానే వారసులు పొలం వెనక్కిమ్మని కోర్టుకెక్కేవారు. ఈ మహత్తర సంప్రదాయం ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కెనడాలోని హామిల్టన్ తెలుగు క్రైస్తవ సంఘంలో, ఒక అద్దె చర్చి బేస్‌మెంటులో, రైస్ కుక్కరు రూపంలో తిరిగి లేచింది.

కుక్కరు దాత కృపాబాయి గారు, ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగి. ఆమె భర్త రత్నరాజు గారు బతికున్నన్నాళ్ళూ ఆరాధన అయ్యాక సంఘమంతటికీ పలావు వండిపెట్టారు. ఆయన పోయాక ఆమె పెద్ద కుక్కరు కొని, మూత మీద ఎర్ర రంగుతో ఆయన పేరు రాయించి, ఒకే షరతు పెట్టారు: మూత తీసినప్పుడల్లా 'రత్నరాజు గారి జ్ఞాపకార్థం' అనాలి. (మన చర్చిల్లో ఫ్యాన్ రెక్కల మీద కూడా దాతల పేర్లుంటాయి. తిరిగేటప్పుడు ఎవరికీ కనబడవు, అది వేరే సంగతి.)

కొన్నాళ్ళు అన్నారు. తర్వాత ఆవిరికి రంగు రాలింది, ఆకలికి మాట రాలింది. ఒక ఆదివారం గరిటెల చప్పుడు మధ్య కృపాబాయి గారు లేచి నిలబడ్డారు.

"అన్నం తిన్నారు, సరే. ఆయన పేరు కూడా మింగేశారేంటండీ?"

సారీ చెబితే సరిపోయేది. కానీ సంఘంలో క్రిస్టో ఉన్నాడు. లా కోర్సులో ఒక సెమిస్టర్ చదివి మానేసిన వాడికున్నంత ధైర్యం జడ్జీలకు కూడా ఉండదు.

"అంకుల్, కెనడా లాకి అమ్మమ్మ ఇంగ్లండ్ లా. షరతు బ్రేక్ చేశాం కాబట్టి కుక్కర్ ఆంటీకి రివర్ట్, అంటే వాపసు అవుతుంది. తేలేదాకా టచ్ చేయకూడదు," అన్నాడు సంఘం అధ్యక్షులు సంతోషం గారితో.

ఆయన వెంటనే మూతల ఉపసంఘం వేశారు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి తీస్తే అది 'మూత తీయడం' కిందికి వస్తుందా? అన్నం ముందు చనిపోయినవారి పేరు చెబితే అది చనిపోయినవారి కోసం ప్రార్థన అవుతుందా? (మనం ప్రొటెస్టెంట్లం. ఒప్పుకోం.) సుదీర్ఘ చర్చ తర్వాత పేరు చెప్పవచ్చనీ, చెప్పేటప్పుడు కళ్ళు మూసుకోరాదనీ తేలింది. కళ్ళు ఆర్పవచ్చా అన్న అంశాన్ని మరో ఉపసంఘానికి పంపారు.

ఈలోగా కుక్కరుకి టేపు చుట్టి చర్చిని వెచ్చబెట్టే ఫర్నేస్ గదిలో పెట్టారు. భోజనానికి బదులు డోనట్లు వచ్చాయి. కేవలం పలావు కోసం నెలల తరబడి వాక్యం విన్న కరీంనగర్ స్టూడెంట్ ప్రణీత్ తట్టుకోలేకపోయాడు.

"కేసు ఎప్పుడన్న తెమలనీ గానీ, అన్నమెప్పుడన్నా?"

అప్పటినుంచి ప్రతి ఆదివారం ప్రకటనల్లో కార్యదర్శి స్టెఫీ మైకులో చదివేది: "ప్రభువునందు నిద్రించిన రత్నరాజు గారి కుక్కర్ వ్యవహారం. వాయిదా." హాలంతా నిట్టూర్చేది. పార్కింగ్ లాట్‌లో రత్నరాజు గారు, బస్‌స్టాప్‌లో రత్నరాజు గారు. ఆయన దాల్చినచెక్క ఎక్కువేసేవారని ఒకరంటే, అదే రుచి అని ఇంకొకరు కొట్లాటకు వచ్చేవారు.

చివరికి సంతోషం గారు దిగొచ్చారు. పేరు మూత మీద చెక్కిస్తాం, ప్రతివారం తప్పక చెబుతాం, రాజీ. అందరూ చేతులెత్తారు. ప్రణీత్ రెండు చేతులూ ఎత్తాడు. ఎత్తనిది కృపాబాయి గారొక్కరే.

"అదేంటమ్మా, మీరే గెలిచారుగా?" అన్నారు సంతోషం గారు.

"తొందరేముందండీ. అన్నం వండినప్పుడు ఆయన్ని మూణ్ణెల్లకే మర్చిపోయారు. గొడవ మొదలయ్యాక ఒక్క ఆదివారం కూడా మర్చిపోలేదు. వాయిదా వేయండి."

క్రిస్టో లేచాడు. ఆంటీ పాయింట్ లీగల్‌గా కరెక్టేనన్నాడు. ఉపసంఘం పక్కకెళ్ళి ఆలోచించి, దాత కోరిక సక్రమంగా నెరవేరుతున్నందున కుక్కరును ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది.