‘వద్దు’ రద్దు

సకల జనులకూ తెలియజేయడమేమనగా, ప్రపంచ శాంతి మండలిలో ‘వద్దు’ అనే మాట నిన్న మధ్యాహ్నం మూడు గంటల నుంచి రద్దయింది. మండలి మినిట్స్ రాసే గుమాస్తాని కాబట్టి ఈ శుభవార్త ముందుగా నా కలం కిందికే వచ్చింది.

ఇంతకాలం ఏ యుద్ధం ఆపాలన్నా అయిదుగురు పెద్దల్లో ఒక్కరు ‘వద్దు’ అంటే చాలు, తీర్మానం చెత్తబుట్టలో పడేది. దీన్ని సరిదిద్దడానికి వేసిన సంస్కరణల సంఘం పందొమ్మిదేళ్ళు చెమటోడ్చింది. అందులో ఆరేళ్ళు బల్ల గుండ్రంగా ఉండాలా, కోలగా ఉండాలా అన్నది తేల్చడానికే పట్టాయి. ఈలోగా జరిగిన యుద్ధాలు సంఘం పరిధిలోకి రావు.

అరగంటకే కొత్త పద్ధతిలో మొదటి తీర్మానం వచ్చింది. నది అవతలి ఊరి మీద తొమ్మిది రోజులుగా బాంబులు పడుతున్నాయి, వెంటనే ఆపించాలని. మా హాల్లో మైకులు చూసుకునే మైకక్క చెల్లెలు ఇద్దరు పిల్లలతో ఆ ఊళ్ళోనే ఒక స్కూలు నేలమాళిగలో ఉంది. బయటపడే దారి వంతెన ఒక్కటే, అది సాయంత్రం దాకా నిలుస్తుందన్న నమ్మకం లేదు. మండలి ఆపిస్తే అక్కడే ఉండొచ్చు, లేదంటే ఇప్పుడే దాటాలి. ఆ ఒక్క ముక్క కోసం మైకక్క నా కుర్చీ వెనక ఫోను పట్టుకుని నిలబడింది.

మొదటి పెద్దాయన లేచారు. బాంబులు వేస్తున్నది ఆయన మిత్రులే.

“శాంతి మా ఊపిరి. ఈ తీర్మానాన్ని మేము వద్దనం. ఆ రోజులు పోయాయి. చూద్దాం” అన్నారు.

హాలంతా చప్పట్లు. మిగతా నలుగురూ చూద్దామనే అన్నారు. ఒక్కరూ కాదనకుండా తీర్మానం గట్టెక్కడం ఇదే మొదటిసారని అధ్యక్షులవారు కళ్ళు తుడుచుకున్నారు. ‘చూద్దాం’ ఏ గడిలో రాయాలో నాకు తోచలేదు. కొత్త ఫారంలో ‘సరే’ గడి ఒక్కటే మిగిలింది కనుక ‘ఏకగ్రీవం’ అని రాశాను.

మైకక్క వంగి, “తమ్ముడూ, ఆపుతారా?” అంది.

“ఏకగ్రీవం అక్కా” అని నసిగాను.

“అది సరే, ఏమన్నారు?”

“చూద్దామన్నారు.”

మా అబ్బాయి సైకిలు అడిగితే నేనూ ఆ మాటే అంటాను. మూడేళ్ళయింది, సైకిలు రాలేదు. నాకు నిజంగా సిగ్గేసింది. మైకక్కకూ ఇంట్లో ‘చూద్దాం’ అనే మొగుడున్నాడు కాబట్టి మళ్ళీ అడగలేదు. ఫోను చెవిన పెట్టుకుంది.

“పిల్లల్ని తీసుకుని ఇప్పుడే వంతెన దాటెయ్. ఎవరి కోసమూ ఆగకు. ఇక్కడ అందరూ చూస్తున్నారు.”

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మేము హాల్లోంచి చూస్తున్నాం. మీరు టీవీలో చూస్తున్నారు.