పాత ఫార్మాట్‌లో టీకా ఉత్తరాలు

పశువుల ఆసుపత్రి గుమాస్తా ఆ రోజు పదకొండింటికల్లా పని ముగించి, పూటసెలవు పెట్టి కళ్లజోడు మార్పించుకుందామనుకున్నాడు. పని చిన్నదే. జంతువుల వివరాలన్నీ ముందు గదిలోని కొత్త కంప్యూటరులో ఉన్నాయి. టీకా ఉత్తరాలు అచ్చువేసే యంత్రం మాత్రం వెనక గదిలోని ముసలి కంప్యూటరు మాటే వింటుంది. ఆ ముసలిదానికి కొత్త ఫైళ్లు అర్థం కావు. అందుకని డేటాబేసును పాత ఫార్మాట్‌లోకి మార్చి పట్టుకెళ్లాలి.

మార్చమనగానే కంప్యూటరు ఒక హెచ్చరిక చూపించింది. పాత ఫార్మాట్‌లో గడుల శీర్షికలు ఖాళీలతో సహా పది అక్షరాలకు మించకూడదట, మిగతాది కత్తిరించాలట.

"కత్తిరించు, నాదేం పోయింది," అని నొక్కేశాడు.

శీర్షికలు పెట్టింది అతనే. క్లుప్తంగా రాయడం అతనికి చేతకాదు. ఒక గడికి 'పెంపుడు జంతువు తాలూకు పేరు' అనీ, పక్కదానికి 'పెంపుడు జంతువు తాలూకు యజమాని' అనీ పెట్టాడు. కత్తెర పడ్డాక రెండూ 'పెంపుడు జంతువు తాలూ'గా మిగిలాయి. ముసలి కంప్యూటరు కాసేపు తటపటాయించి, ముందున్నదే యజమాని, రెండోది జంతువు అనుకుంది. మూడు వందల ఉత్తరాలు చకచకా అచ్చయ్యి టపాలో పడ్డాయి.

మూడోనాడు ఫోను మోగింది.

"బంగారం గారికి అని ఉత్తరం వచ్చింది. బంగారం మా కుక్క," అన్నారు అవతల రిటైర్డ్ హెడ్మాస్టరు. డాక్టరమ్మకు మనుషుల పేర్లు గుర్తుండవు కనుక రిజిస్టరులో కూడా ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరే.

"అవునండీ."

"బంగారం సంరక్షణలో ఉన్న రిటైర్డ్ హెడ్మాస్టరుకి టీకా గడువు దాటిందట. కరిచే అలవాటుంటే మూతికి తాడు కట్టి తీసుకురమ్మన్నారు."

"అలవాటు లేకపోతే తాడు అక్కర్లేదండీ," అన్నాడు గుమాస్తా.

హెడ్మాస్టరు ఫోను పెట్టేసి, చెప్పులు వేసుకుని బయల్దేరారు.

టైలరు ఇంట్లో పరిస్థితి ఇంకా విషమించింది. అక్కడి ఉత్తరం చిలకకు వచ్చింది. టైలరు అత్తగారి నోరు ఓసారి పరీక్ష చేయించమనీ, మరీ అరుస్తుంటే పైన గుడ్డ కప్పి ఉంచమనీ అందులో ఉంది. అది చదివి టైలరు నవ్వాడు. అల్లుడే రాయించాడని అత్తగారు నిర్ధారించుకున్నారు. భార్య పుట్టింటికి పోతానంది గాని, పుట్టిల్లూ అదే కావడంతో ఆగిపోయింది.

మధ్యాహ్నానికి వరండా నిండిపోయింది. గుమాస్తా బల్ల ఎక్కి, "ఆ ఉత్తరాలు మీకు కాదండీ, మీ కుక్కలకి," అని సర్దిచెప్పబోయాడు.

"అదేగా మేమూ అంటున్నది, కుక్కలకే వచ్చాయి," అన్నారు హెడ్మాస్టరు.

అప్పుడు డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఒక ఉత్తరం తీసుకుని నిదానంగా చదివింది. "పొరపాటు జరిగిందంటున్నారు, బాగానే ఉంది. ఇందులో జంతువెవరో, మనిషెవరో నేను ఎలా తేల్చాలి? ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే గాని చెప్పలేను. వెళ్లి తీసుకురండి."

పంతం కొద్దీ అందరూ తెచ్చారు. సాయంత్రం ఆరింటిదాకా కుక్కలూ, పిల్లులూ, ఒక మేకా, చిలకా బారులు తీరాయి. డాక్టరమ్మ ఒక్కొక్కదాన్నీ చూసి, "ఇది జంతువు," అని తేల్చి, అదే చేత్తో టీకా వేసి పంపింది. ఏటా నలభై దాటని టీకాలు ఆ ఒక్క రోజే రెండు వందల ఎనభై పడ్డాయి.

తన ఉద్యోగం ఊడిందనే నమ్మకంతో గుమాస్తా డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాడు.

"శీర్షికలు సరిచేసేస్తానమ్మా," అన్నాడు.

"ముట్టుకుంటే ఊరుకోను. వచ్చే ఏడూ ఇలాగే పంపు," అంది డాక్టరమ్మ.

తేలిక పడ్డ గుండెతో అతను ఇంటికి చేరేసరికి, భార్య ఒళ్లో నిద్రపోతున్న తమ పిల్లి, చేతిలో దాని పేరున వచ్చిన ఉత్తరం ఉన్నాయి.

"దీన్ని టీకాకి తీసుకురాలేదేం?" అన్నాడు.

"గుమాస్తాని పిల్లి తీసుకురావాలని ఇందులో ఉంది," అంది ఆవిడ. "అది ఇంకా లేవలేదు."