ఎడమ పక్కకు ఒత్తిగిలిన నేరం

హాయిగా నిద్రపోవడం మహాపాపమని నా దృఢవిశ్వాసం. డెబ్బై నాలుగేళ్ల పాటు ఆ పాపం చేశాను. గత నెల డాక్టరుగారు చక్కెరను అనుక్షణం కొలిచే బిళ్లను నా ఎడమ జబ్బకు అంటించి నన్ను ఉద్ధరించారు.

చిన్నప్పుడు మా ఇపో ఊరి కాన్వెంటు హాస్టల్లో సిస్టర్ కొలంబా మమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టడానికి పదేళ్లు బెత్తంతో శ్రమించి ఓడిపోయారు. కోటు బొత్తామంత బిళ్ల ఆ పనిని పది రోజుల్లో సాధించింది! నేను ఎడమ పక్కకు ఒత్తిగిలితే చాలు, నా చక్కెర పాతాళానికి పడిపోయిందని ఆ బిళ్లకు జతచేసిన మా చెల్లెలు వినిఫ్రెడ్ ఫోను అంబులెన్సులా కూస్తుంది.

ఇంతకన్న వరమేముంటుంది? పగలంతా మోకాళ్లని మూలిగే వినిఫ్రెడ్, ఆ కూత వినగానే లేడిపిల్లలా దూకుతూ వస్తుంది. పక్కింటి చోంగ్‌గారి మైనా ఆ కూతను కంఠస్థం చేసి, వీధివీధంతటికీ నా ఆరోగ్యాన్ని ప్రకటిస్తోంది. నేనేమో ఇటొకటి అటొకటి కౌగిలి దిండ్లు దోపుకుని, పెట్టెలో సర్దిన పింగాణీ కూజాలా పడుకుంటున్నాను.

"తాగక్కా, అట్టడుగుకి దిగింది," అంటుంది వినిఫ్రెడ్, తియ్యటి డబ్బాపాలు దండిగా పోసి కలిపిన చాక్లెట్ పానీయం, మైలో గ్లాసుతో.

"నేను బాగానే ఉన్నానే."

"పోయేవాళ్లంతా అదే అంటారు. నోరు తెరు."

దిండ్లు దాటి ఒత్తిగిలినప్పుడల్లా ఇలా, రాత్రికి రెండు గ్లాసులు. పద్నాలుగో రోజున డాక్టరుగారు గ్రాఫు చూసి, కనుబొమలెత్తారు.

"ఆంటీ, తెల్లవారుజామున దొంగచాటుగా మిఠాయిలు తింటున్నారు కదూ?"

"లేదు నాయనా, మా చెల్లెలు మైలో పట్టిస్తోంది."

"ఆంటీలందరికీ అలాంటి చెల్లెలు ఒకరుంటారు."

ఫైలులో 'రహస్యంగా తీపి తింటారు' అని రాసి, మందు మోతాదు పెంచారు. చిన్నప్పుడు పొరుగింటి జామకాయ మీద ఆశపడినందుకు కూడా పాదిరీగారి ముందు మోకరిల్లి ఒప్పుకున్నదాన్ని నేను. నన్ను దొంగను చేస్తారా?

పాత బిళ్ల ఊడదీస్తూ నర్సు రోహానా అడిగింది.

"ఎడమ పక్కకే పడుకుంటారా ఆంటీ? ఒంటి బరువుకి చెయ్యి నలిగితే ఇది లేనిపోని తగ్గుదల చూపిస్తుంది. మైలో తాగేముందు వేలు పొడిచి చూసుకోవాలి. అందరికీ తెలిసిందేగా."

"అందరూ అంటే ఎవరమ్మా?"

"నాకూ, డాక్టర్‌గారికీ."

కొత్త బిళ్లను కుడి జబ్బకు అంటించింది. ఆ రాత్రి ఎడమ పక్కకు తిరిగి తొమ్మిది గంటలు నిద్రపోయాను. పొద్దున చూస్తే వినిఫ్రెడ్ గుమ్మం దగ్గర కుర్చీలోనే కునుకుతోంది, చేతిలో చల్లారిన మైలో.

కొత్త గ్రాఫు చూసి మందు మోతాదును డాక్టరుగారు తగ్గించారు, ధన్యవాదాలు. ఫైలులోని ఆ తీపి వాక్యాన్ని కొట్టెయ్యమంటే మాత్రం, "కొట్టివేతలుంటే ఫైలు బాగుండదాంటీ," అన్నారు.

అయ్యా, ఆ క్లినిక్కులో చేరిననాడు ఏడు పేజీల ఫారం నింపాను. నా జాతి అడిగారు, మతం అడిగారు, మా తాతగారు ఏ జబ్బుతో పోయారో కూడా అడిగారు. ఏ పక్కకు తిరిగి పడుకుంటావమ్మా అని అడగడానికి ఏడు పేజీల్లోనూ ఒక్క గీత ఖాళీ లేకపోయింది. నన్ను దొంగ అని రాయడానికి మార్జిన్‌లో చోటు దొరికింది.