సారక్క నొప్పి, మండలి నియమం

జబ్బు చేయడమనేది పౌరుల ఇష్టాయిష్టాలకు వదిలేయదగిన విషయం కాదని జాతీయ కుటుంబ ఆరోగ్య బీమా మండలి డెబ్భైల తొలినాళ్లలో గుర్తించింది. గుర్తించిన సంగతిని గోదావరిఖనికి మైకులో చెప్పే భాగ్యం లింగమూర్తికి దక్కింది.

లింగమూర్తి అధికార పార్టీ కార్యకర్త. గొంతే అతని ఆస్తి. కిందటి ఎన్నికల్లో జీపు ముందు సీట్లో కూర్చుని, "మా సారు గెలిస్తే కూలోళ్ల ఇండ్లల్ల అందరికి మందులు, ఆపరేషన్లు అన్ని ఫిరీ!" అని గల్లీ గల్లీ తిరిగి అరిచాడు. ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మింది అతని అక్క సారక్క. ఆమె పెనిమిటి సదయ్య బొగ్గు లారీలు నింపే కాంట్రాక్టు కూలీ. ఆమె పిత్తాశయంలో రాళ్లున్నాయనీ, కోసి తీయాలనీ డాక్టరు చెప్పాడు. తమ్ముడి పథకం వస్తోంది కదా అని ఆమె ఆగింది.

పథకం కూడా ఆగింది. ముందుగా, కుటుంబం అంటే ఎవరెవరో తేల్చడానికి ఉపసంఘం వేశారు. అత్తగారు కుటుంబమా కాదా అన్న దగ్గర సభ్యులు రెండుగా చీలిపోయారు (ఆ చీలిక వాళ్ల ఇళ్లలోనే మొదలైందని వినికిడి). అది సర్దుకునేసరికి, మండలి ముద్ర మీది తల్లి బిడ్డను ఏ చంకన ఎత్తుకోవాలన్న ప్రశ్న లేచింది. కుడి చంకంటే ఒక పార్టీకి కోపం, ఎడమ చంకంటే ఇంకో పార్టీకి. చివరికి బిడ్డను దింపి నడిపించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఆలస్యమైనప్పుడల్లా లింగమూర్తి, "పథకం మంజూరైంది, దశలవారీగ వస్తున్నది" అని చాటేవాడు.

ఒకరోజు అక్క నొప్పితో మెలికలు తిరుగుతుంటే చూడలేక, రిక్షా ఎక్కించి మండలి ప్రత్యేక అధికారి దగ్గరికి తీసుకెళ్లాడు. అధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాడు.

"పోయిన వానకాలం సంది, సారూ."

"అక్కడే పొరపాటు చేశావమ్మా. పథకానికి ముందే వచ్చిన జబ్బు పథకంలోకి రాదు."

"మరి నేనేం జెయ్యాలె?"

"ఈ నొప్పిని ఇప్పటికి ఆపెయ్యి. పథకం వచ్చాక కొత్తగా మొదలుపెట్టుకో."

(తాత్కాలిక ఉపశమనంగా ఆయన తన సొరుగులోంచి ఒక పిప్పరమెంటు బిళ్ల ఇచ్చాడు.)

తిరుగు దారిలో సారక్క అడిగింది: "తమ్మీ, మైకుల జెప్పేటప్పుడు నీకు గిది ఎరుకేనా?"

లింగమూర్తి రిక్షా దిగి, వెనక నుంచి తోయడం మొదలుపెట్టాడు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. కిందటిసారి గెలిచిన ఆ సారు, ఎమ్మెల్యే, మెడనిండా దండలతో సారక్క వాళ్ల బస్తీకి వచ్చాడు. లింగమూర్తి మైకు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"అక్కలారా, మీ ఓటు నాకేనా?"

సారక్క కడుపు పట్టుకునే ముందుకొచ్చి దండం పెట్టింది. "మీకే సారూ. మా ఓటు ఎన్నడో మంజూరైంది. దశలవారీగ వస్తది."

"అంటే?"

"మొదటి దశల చేతులూపుతం. రెండో దశల జిందాబాదంటం. ఓటేసుడు ఆఖరి దశ. దానికింక తారీఖు ఖరారు గాలే."

అధికారి చెప్పిన నియమాన్ని సారక్క నోట విన్న గాజులమ్మే షహజాదీ బేగం వెనక నుంచి అందుకుంది: "హౌ సారూ! పథకం రాకముందు అడిగిన ఓటు లెక్కకు రాదు. మీరిప్పుడు అడుగుడు బందు పెట్టుండ్రి. పథకం వచ్చినంక కొత్తగ మొదలువెట్టుండ్రి!"

లింగమూర్తి పెదవి కొరుక్కున్నాడు. చెంపలు ఉబ్బాయి. చివరికి ఆ నవ్వు మైకులోనే పగిలింది. స్తంభస్తంభానికీ కట్టిన లౌడుస్పీకర్లు దాన్ని బస్తీ అంతా పంచాయి. షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు సంగతేమిటో తెలియకుండానే నవ్వారు. జీపు డ్రైవరు నవ్వుతూ హారను మీద పడిపోయాడు. ఎమ్మెల్యే రెండు చేతులూ జోడించి అలాగే నిలబడ్డాడు. దండలు మాత్రం వణికాయి.

ఆయన ఓడిపోయాడు. ఓటమికి కారణం నాసిరకం మైకని పార్టీ విచారణ సంఘం తేల్చింది. లింగమూర్తిని పార్టీలోంచి తీసేశారు.

తీరిక దొరికింది కనుక అతను అక్కనూ బావనూ ప్యాసింజరు రైలెక్కించి వరంగల్ పెద్దదవాఖానకు తీసుకెళ్లాడు. ఆపరేషనైంది. సదయ్య వరండాలో గోడవైపు తిరిగి ఏడ్చాడు. సారక్క కళ్లు తెరిచి, తమ్ముడి ముఖం చూసి అంది: "నన్ను నవ్వియ్యకురా. కుట్లు గుంజుతున్నయి."

ఇక ఓడిన మనిషిని ఊరికే ఇంట్లో కూర్చోబెట్టడం బాగుండదని, మాజీ ఎమ్మెల్యేను ఆ బీమా మండలికే అధ్యక్షుణ్ణి చేశారు. బాధ్యతలు తీసుకునే ముందు ఆయన బొంబాయి వెళ్లి, పాత మోకాలినొప్పికి మండలి ఖర్చుతో మంచి వైద్యం చేయించుకుని వచ్చాడు. మండలి చరిత్రలో వైద్యం అందుకున్న మొదటి లబ్ధిదారు ఆయనే.