మూడో అంతస్తు మార్గదర్శనం

"అట్టడుగున ఉన్నవాళ్లని పైకి తీసుకురావడమే మా ధ్యేయం!" అని మంత్రిగారు ప్రకటించారు. అన్నట్టే, బలహీనుల ఉపాధి మార్గదర్శక కేంద్రాన్ని మూడో అంతస్తులో పెట్టించారు. లిఫ్టు లేదు. మాట మీద నిలబడే మనిషంటే ఆయనే.

కాజాలక్క కింద మెట్ల దగ్గరే ఆగిపోయింది. చిన్నప్పుడే కుడికాలు చచ్చుబడింది. చొక్కాలకి కాజాలు కుట్టడంలో మాత్రం చెయ్యి తిరిగిన మనిషి. వదిన అన్నంతోపాటు వడ్డించే మాటలు అరగడం మానేసి చాలాకాలమైంది. కూర్చుని చేసే పని ఒకటి దొరికితే చాలనుకుని చంక కర్రతో వచ్చింది.

"పైకి రావాలమ్మా!" పైనుంచి తొంగిచూశాడు ఆఫీసరు.

"ఎక్కలేనయ్యా!"

"ఎక్కలేనివాళ్ల కౌంటరు కూడా పైనే ఉంది."

అంతలో మంత్రిగారి కారు వచ్చింది. ప్రారంభోత్సవానికి లబ్ధిదారు కావాలి. ఆయన వెంట వచ్చిన కార్యకర్తలు నలుగురు కాజాలక్కని ఓ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా పైకి మోశారు.

"మెల్లగా నాయనా! లబ్ధిదారునే గానీ సిమెంటు బస్తాని కాను."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఫొటోగ్రాఫరు లెన్సు మార్చుకునేదాకా ఆ తడి అలాగే నిలిచింది. ఎంత నిగ్రహం! ఆ ఊపులోనే, తొలిరోజే నాలుగు ఉద్యోగాలిచ్చామని ప్రకటించారు. మోసిన నలుగురూ ఇకపై పర్మనెంటు ఉత్థాన సహాయకులు.

ఆయన దిగి వెళ్లాక ఆఫీసరు మార్గదర్శనం మొదలెట్టాడు. విమానం నడపడం నుంచి కొండలెక్కడం నేర్పడం దాకా వివరించాడు.

"నాకు కాజాలొచ్చు బాబూ."

"అది కెరీర్ కాదమ్మా, చిల్లు."

కింద కొట్టున్న ముసలి టైలరు ఆయాసపడుతూ పైకొచ్చాడు. "కాజాలు కుట్టే మనిషొచ్చిందని కింద అనుకుంటున్నారు, నువ్వేనా తల్లీ? స్కూలు యూనిఫారాల ఆర్డరు మెడ మీదుంది. ఇవాళే వచ్చి కూర్చుంటే పని నీది. లేదంటే ఇంకొకర్ని చూసుకోవాలి." చెప్పేసి దిగిపోయాడు.

కాజాలక్క ముఖం వెలిగింది. "దించండి నాయనా, తొందరగా!"

నలుగురూ చేతులు కట్టుకున్నారు. పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు.

"మాకిచ్చిన ఉద్యోగం ఎక్కించడానికే అక్కా. దించే పోస్టులు ఇంకా శాంక్షన్ కాలేదు."

"ఓరి మీ అసాధ్యం కూలా! పోనీ, మెట్ల మీద జారుకుంటూ నేనే దిగుతా."

"అమ్మమ్మా, వద్దు!" ఆఫీసరు చేతులడ్డం పెట్టాడు. "కింద పేపరువాళ్లున్నారు. పైకి తెచ్చినవాళ్లు అప్పుడే జారిపోతున్నారని రాసేస్తారు."

"ఏమ్మా, వస్తున్నావా?" కిందనుంచి టైలరు కేక వినిపించింది.

"వస్తున్నా బాబూ!" అని అరిచి నలుగురి వైపూ తిరిగింది. "మరి నన్నెవరు దించుతార్రా?"

"ఫైలు మంత్రిగారి దగ్గరికెళ్లిందక్కా." పెద్దవాడు కుర్చీ కిటికీ పక్కకి, గాలి తగిలేలా జరిపాడు. "అందాకా హాయిగా కూర్చో. కూర్చునే పనేగా నువ్వడిగింది?"